ప్రింటర్ మొండికేస్తే ముందు కాపీ బటన్ నొక్కండి, రీసెట్ సంగతి తర్వాత

మీరు రాసింది రెండుసార్లు చదివానండి. రాజోలు పక్కన ఆన్‌లైన్ సెంటర్, ఎప్సన్ ఎల్3150 ప్రింటర్, వారం నుంచి ముసురు, ప్రింట్ ఇస్తే ఆఫ్‌లైన్ అంటోంది, కంప్యూటర్‌లో 14 ప్రింట్లు క్యూలో ఇరుక్కుని డిలీట్ కొట్టినా డిలీటింగ్ అంటూ అలాగే ఉండిపోతున్నాయి, ఒకటీ అరా వచ్చినా కాగితం వంకరగా లాగుతోంది, ఇవి చాలవన్నట్టు వృథా ఇంకు పీల్చుకునే ఇంక్ ప్యాడ్ నిండటానికి దగ్గరపడిందని మెసేజ్. ఫ్రెండెవరో వాట్సాప్‌లో రీసెట్ సాఫ్ట్‌వేర్ పంపి యాంటీవైరస్ ఆపేసి రన్ చెయ్యమన్నాడు, చెయ్యనా అని అడిగారు. వద్దండి, ముట్టుకోకండి. ఎంచేతంటే మీకు వచ్చింది ఒక్క జబ్బు కాదు, వేరే వేరే జబ్బులు నాలుగు ఒకేసారి వచ్చాయి, ఆ సాఫ్ట్‌వేర్ వాటిలో మూడింటిని తాకను కూడా తాకదు, నాలుగోదాన్ని బాగుచెయ్యకుండా కనపడకుండా దాచేస్తుంది.

నేను ఇరవై ఏళ్లుగా తణుకు, పాలకొల్లు, అమలాపురం ఏరియాల్లో ప్రింటర్లు బాగుచేస్తున్నాను. ఫోన్ చేసిన వాళ్లలో ఎక్కువమంది మొదటి మాటే రీసెట్ ఎలా కొట్టాలండీ అంటారు. రీసెట్ అంటే ఒక్కటి కాదండి. కరెంటు తీసి పెట్టడం ఒక రీసెట్, కంప్యూటర్‌లో స్పూలర్, అంటే ప్రింట్లని వరసలో పెట్టి పంపేది, ఖాళీ చెయ్యడం ఒకటి, ప్రింటర్‌లో వైఫై సెట్టింగ్స్ తుడిచెయ్యడం ఇంకోటి, ఇంక్ ప్యాడ్ కౌంటర్ సున్నా చెయ్యడం మరోటి. ఒకదానికి కొట్టాల్సింది ఇంకోదానికి కొడితే ఉన్న గొడవ పోకపోగా కొత్తది వచ్చి కూర్చుంటుంది. అంచేత జబ్బు ప్రింటర్‌లో ఉందా, కాగితంలో ఉందా, వైఫైలో ఉందా, కంప్యూటర్‌లో ఉందా అన్నది ముందు తేల్చుకోవాలి, దానికి పైసా ఖర్చు లేదు.

ఎలాగంటే, కంప్యూటర్ జోలికి అసలు వెళ్లకండి. స్కానర్ అద్దం మీద ఓ ఆధార్ జిరాక్సో ఏదో పెట్టి మూత వేసి బ్లాక్ కాపీ బటన్ నొక్కండి. శుభ్రంగా కాపీ వచ్చిందనుకోండి, ప్రింటర్ ఒళ్లు బాగానే ఉంది, మీ ఆఫ్‌లైన్ గొడవంతా వైఫైలోనో కంప్యూటర్‌లోనో ఉంది. కాపీ కూడా వంకరగా వచ్చినా, గీతలు గీతలుగా వచ్చినా, రాకపోయినా అప్పుడు ప్రింటర్ మీద చెయ్యి వెయ్యాలి. ఈ ఒక్క పని చెయ్యకుండా డ్రైవర్ అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ వేసి పూట పూటంతా పాడు చేసుకున్న వాళ్లు ఎంతమందో నాకు తెలుసు, తీరా వెళ్లి చూస్తే వెనక ట్రేలో చెమ్మెక్కిన కాగితం.

కాగితం గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే మన డెల్టాలో జూన్ నుంచి నవంబర్ దాకా నా దగ్గరకొచ్చే కేసుల్లో సగం పైన ఇదే. మన దగ్గర గాలిలోనే నీళ్లుంటాయి, కాలవ గట్టు మీద షాపయితే చెప్పక్కర్లేదు. రీమ్, అంటే కాగితాల కట్ట, విప్పి పక్కన పడేస్తే ఒక్క రాత్రిలో కాగితం అంచులు చెమ్మ పీల్చుకుని అలలు అలలుగా లేస్తాయి, రెండు కాగితాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, రోలర్ ఒకదాన్ని లాగితే రెండోది సగం దాకా వచ్చి ఇరుక్కుంటుంది. ఓ కాగితం తీసి కంటి ఎత్తులో అడ్డంగా పట్టుకుని చూడండి, అంచు గీత గీసినట్టు ఉండాలి, వంపు కనపడితే ఆ కట్ట పక్కన పెట్టెయ్యండి. రీమ్ చుట్టూ వచ్చే రేపర్ లోపల పక్క చెమ్మ పోనివ్వని పూత ఉంటుంది, దాన్ని చింపి పారెయ్యకుండా మిగిలిన కాగితం అందులోనే మడిచి రబ్బరు బ్యాండ్ వేసి పెట్టుకోండి. ట్రేలో పొద్దున్న ఓ ముప్పై నలభై పెట్టుకుని సాయంత్రం మిగిలినవి మళ్లీ రేపర్‌లోకి. ఈ ప్రింటర్ వెనక ట్రే వంద కాగితాలు పడుతుంది కదా అని వందా పెట్టేసి వదిలేస్తే ఈ ముసురులో తెల్లారేసరికి అన్నీ మెత్తబడిపోతాయి. నేలకి ఆనించి కూడా పెట్టకండి, బీరువాలో పై అరలో పెట్టండి. 70 జీఎస్ఎమ్ (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) కాగితం చవకే గానీ వాన నెలల్లో 75 జీఎస్ఎమ్ వాడి చూడండి, లాగడంలో తేడా మీకే తెలుస్తుంది.

కాగితం బాగానే ఉండి ఇంకా వంకరగా లాగుతుంటే రెండు చూడాలి. ఒకటి, పక్కన జరిపే గైడు కాగితానికి ఆనీ ఆనకుండా ఉండాలి, వదులుగా ఉంటే వంకర పోతుంది, బిగించేస్తే అసలు లాగదు. రెండు, రోలర్. ఈ రకం ప్రింటర్లకి ట్రే వెనక నోరు తెరుచుకుని ఉంటుంది, పై నుంచి ఏం పడినా లోపలికే. అంబాజీపేటలో కొబ్బరి పీచు పని జరిగే చోట ఓ ఆఫీసు ప్రింటర్ చూశాను, కాగితం పట్టుకుని కర్ కర్ మని శబ్దం చేసి వదిలేస్తోంది, వాళ్లు మోటార్ పోయిందనుకున్నారు. ఫోన్ టార్చి వేసి ట్రే నోట్లోకి చూస్తే నల్ల రబ్బరు రోలర్ మీద సన్నటి పీచు పొడి బూజులాగా పట్టేసి ఉంది, వేలు పెట్టి రాస్తే గోధుమ రంగు పొడి వచ్చింది, రబ్బరు అద్దంలా నున్నగా అయిపోయింది. నూలు గుడ్డ నీళ్లలో ముంచి గట్టిగా పిండి, రోలర్‌ని కూసింత కూసింత తిప్పుకుంటూ చుట్టూతా తుడిచాను, గుడ్డ నాలుగుసార్లు మార్చాల్సొచ్చింది, ఆరాక మొదటి కాగితమే సూటిగా వచ్చింది. రైస్ మిల్లుల్లో తవుడు దుమ్ముతోనూ ఇదే కథ. ఓసారయితే రోలర్ పక్కన వరిగింజ ఒకటి అడ్డంగా ఇరుక్కుని ప్రతి కాగితాన్నీ ఎడమ పక్కకి తోసేస్తోంది, చిమటాతో తీశాను. మీరు కూడా టార్చి వేసి చూడండి, పిన్నులు, అగ్గిపుల్లలు, చచ్చిన బల్లి, ఏదైనా ఉండొచ్చు. ఒక్క మాట మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి, లోపల పడింది రాలాలని ప్రింటర్‌ని తలకిందులు చెయ్యకండి, ఇది ఇంక్ ట్యాంక్ మిషను, ఇంకు పొర్లుతుంది, ట్యూబుల్లోకి గాలి పోతుంది, అప్పుడు చిన్న జబ్బు పెద్దదవుతుంది. ఇరుక్కున్న కాగితాన్ని కూడా రెండు చేతులా పట్టుకుని మెల్లగా లాగాలి, చించేస్తే లోపల ఉండిపోయిన చిన్న ముక్క చాలు, మళ్లీ మళ్లీ జామ్ అవ్వడానికి.

ఇప్పుడు క్యూలో ఇరుక్కున్న 14 ప్రింట్ల సంగతి. ఇది కంప్యూటర్ జబ్బు, ప్రింటర్‌ని ఎన్నిసార్లు ఆపి వేసినా పోదు, ఎందుకంటే ఆ ఫైళ్లు ఉన్నది కంప్యూటర్‌లో. ముందు ప్రింటర్ ఆపండి. స్టార్ట్ మెనూలో సర్వీసెస్ అని టైప్ చేసి అది తెరిచి, ప్రింట్ స్పూలర్ అన్న లైను మీద రైట్ క్లిక్ చేసి స్టాప్ కొట్టండి. ఆ విండో మూసెయ్యకండి. సి డ్రైవ్‌లో విండోస్, అందులో సిస్టమ్32, అందులో స్పూల్, అందులో ప్రింటర్స్ అనే ఫోల్డర్ ఉంటుంది, పర్మిషన్ అడిగితే కంటిన్యూ కొట్టండి, దాని లోపల ఉన్న ఫైళ్లు అన్నీ డిలీట్ చెయ్యండి, ఫోల్డర్‌ని మాత్రం కాదు, దాని పక్కన ఉన్న డ్రైవర్స్ ఫోల్డర్‌నీ కాదు. తర్వాత మళ్లీ సర్వీసెస్‌లోకొచ్చి స్పూలర్ స్టార్ట్ చేసి, ప్రింటర్ ఆన్ చేసి, నోట్‌ప్యాడ్‌లో రెండు ముక్కలు టైప్ చేసి ప్రింట్ ఇవ్వండి. చాలాసార్లు ఒక్క పాడైన పీడీఎఫ్ ముందర కూర్చుని వెనక అందరినీ ఆపేస్తుంది, రేషన్ దుకాణం దగ్గర లైన్‌లో మొదటివాడు కదలకపోతే ఎలాగో అలాగ. 1బి, అడంగల్ లాంటి పొలం రికార్డులు బ్రౌజర్ నుంచి డైరెక్టుగా ప్రింట్ ఇస్తే వేలాడుతుంటే, ముందు పీడీఎఫ్‌గా సేవ్ చేసుకుని అందులోంచి ఇవ్వండి.

ఇంకోటి, ప్రింటర్ల లిస్టులో మీ ప్రింటర్ పేరు రెండుసార్లు ఉందేమో, ఒకదాని పక్కన కాపీ 1 అని ఉందేమో చూడండి. యూఎస్‌బీ వైరు ఒక పోర్టులోంచి తీసి ఇంకో పోర్టులో పెడితే విండోస్ దాన్ని కొత్త ప్రింటర్ అనుకుంటుంది ఒక్కోసారి, మీరు పాతదానికి పంపుతుంటారు, అది ఆఫ్‌లైన్ అంటుంది, పక్కన నిజమైనది ఖాళీగా ఉంటుంది. సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ ప్రింటర్‌ని విండోస్‌నే చూసుకోనివ్వు అనే ఆప్షన్ ఒకటి ఉంటుంది, అది ఆఫ్ చేసి మీ ప్రింటర్‌ని మీరే డిఫాల్ట్‌గా పెట్టుకోండి.

మీరు మధ్యలో ఎక్కడో రాశారు, పోయిన నెల ఫైబర్ కనెక్షన్ మార్చామని. ఆఫ్‌లైన్ గొడవకి మూలం అదేనని నాకు అనిపిస్తోంది. రూటర్ మారితే వైఫై పేరూ పాస్‌వర్డూ మారతాయి, ప్రింటర్ పాపం ఇంకా పాత పేరు కోసమే వెతుక్కుంటుంది. ఇందులో తేలిక దారి ఒకటుంది, కొత్త రూటర్‌లో వైఫై పేరూ పాస్‌వర్డూ అక్షరం పొల్లుపోకుండా పాతవే పెట్టేస్తే ప్రింటర్ దానంతటదే కలుస్తుంది, ఫోన్లూ ల్యాప్‌టాపులూ కూడా. అయితే ఈ మోడల్ 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే కలుస్తుంది, 5 గిగాహెర్ట్జ్ దానికి కనపడదు. కొత్త రూటర్లు రెండింటినీ ఒకే పేరుతో కలిపి ఇస్తాయి, ఒక్కోసారి ప్రింటర్ అక్కడ తడబడుతుంది, అలాంటప్పుడు రూటర్ సెట్టింగ్స్‌లో రెంటికీ వేరే వేరే పేర్లు పెట్టి ప్రింటర్‌ని 2.4కి కలపండి. పాత పేరు పెట్టడం కుదరకపోతే అప్పుడు చెయ్యాలి నెట్‌వర్క్ రీసెట్. ప్రింటర్ ఆపి, నెట్‌వర్క్ స్టేటస్ బటన్, అదే కాగితంలా బొమ్మ ఉండేది, నొక్కి పట్టుకుని పవర్ ఆన్ చేస్తే పాత వైఫై వివరాలు తుడుచుకుపోతాయి, తర్వాత ఫోన్‌లో ఎప్సన్ యాప్‌తో మొదటి నుంచి కలుపుకోవాలి. ఇది ఇంకుకి గానీ కౌంటర్లకి గానీ ఏం చెయ్యదు, భయం లేదు.

కలిసినా ఇంకా ఆఫ్‌లైన్ అంటుంటే ఆ నెట్‌వర్క్ బటన్‌నే మామూలుగా ఒకసారి నొక్కండి, ఓ రిపోర్టు కాగితం వస్తుంది, అందులో ఐపీ అడ్రస్ ఉంటుంది. అది 169.254తో మొదలైతే రూటర్ దానికి అడ్రస్ ఇవ్వనే లేదని అర్థం, రూటర్ ఆపి వెయ్యండి. 192.168 అని మామూలుగా ఉంటే కంప్యూటర్‌లో ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్‌లోకి వెళ్లి అక్కడున్న నంబరూ ఇదీ ఒకటేనా చూడండి. మన దగ్గర రోజుకి నాలుగుసార్లు కరెంటు పోయి వచ్చినప్పుడల్లా రూటర్ కొత్త అడ్రస్ ఇచ్చెయ్యొచ్చు, కంప్యూటర్ పాత అడ్రస్ తలుపు తడుతూనే ఉంటుంది. పోర్టు దగ్గర డబ్ల్యూఎస్‌డీ (ప్రింటర్‌ని విండోస్ తనంతట తానే వెతికి కలుపుకునే పద్ధతి) అని ఉంటే కొత్తగా స్టాండర్డ్ టీసీపీ ఐపీ పోర్టు ఒకటి యాడ్ చేసి రిపోర్టులో ఉన్న నంబరు ఇవ్వండి, ఆ పోర్టు సెట్టింగ్స్‌లో ఎస్ఎన్ఎమ్‌పీ స్టేటస్ (ప్రింటర్ ఎలా ఉందని కంప్యూటర్ అడుగుతూ ఉండే పద్ధతి) అన్న టిక్కు తీసెయ్యండి, రూటర్‌లో ఆ ప్రింటర్‌కి ఎప్పుడూ అదే నంబరు ఇచ్చేలా రిజర్వ్ చెయ్యండి. మీ కంప్యూటర్, ప్రింటర్ ఒకే బల్ల మీద ఉన్నాయంటున్నారు కాబట్టి నా మాటగా అయితే ఈ తలనొప్పంతా లేకుండా యూఎస్‌బీ వైరు పెట్టేసుకోండి, వైఫై ఫోన్ల నుంచి ప్రింట్ ఇవ్వడానికి ఉంచుకోండి. కౌంటర్ దగ్గర పది మంది నిలబడి ఉన్నప్పుడు వైరుని మించింది లేదు.

వెనక గదిలో పాత లేజర్ ఒకటి ఉంది, రెండో కంప్యూటర్ నుంచి షేరింగ్‌లో కలవట్లేదు, చివర్న 11బి అనే ఎర్రర్ అన్నారు. అది 2021 సెప్టెంబర్ విండోస్ అప్‌డేట్‌తో చాలామందికి మొదలైంది, ఆ ఏడాది జూన్, జూలైల్లో ప్రింట్ స్పూలర్‌లో పెద్ద సెక్యూరిటీ లోపం బయటపడ్డాక మైక్రోసాఫ్ట్ షేరింగ్ రూల్స్ బిగించింది, ఒక కంప్యూటర్‌లో అప్‌డేట్ పడి రెండోదాంట్లో పడకపోతే ఒకదాని మాట ఒకటి ఒప్పుకోవు. రిజిస్ట్రీలో ఓ విలువ మార్చమని వీడియోల్లో చెప్తారు, దాంతో కలుస్తుంది గానీ బిగించిన తలుపు మళ్లీ తెరిచినట్టు అవుతుంది, జనం ఆధార్లూ పాస్‌బుక్కులూ తిరిగే కంప్యూటర్‌లో అది నేను చెయ్యను. రెండు కంప్యూటర్లకీ అప్‌డేట్లు పూర్తిగా పడనివ్వండి, ముందు అది. ఆ లేజర్‌ని యూపీఎస్ మీద మాత్రం పెట్టకండి, లోపల హీటర్ ఒక్కసారిగా కరెంటు లాగుతుంది, చిన్న యూపీఎస్ తట్టుకోలేదు. దాంట్లో అక్షరాలు వేలితో రాస్తే చెరిగిపోతున్నాయన్నారు, చెమ్మ కాగితం వేడెక్కడానికే హీటర్ వేడంతా సరిపోతుంది కాబట్టి ముందు కొత్త రీమ్ విప్పి చూడండి, అప్పటికీ చెరిగితే ఫ్యూజర్, అదే ఆ హీటర్ ఉండే భాగం, చూపించండి. నల్ల మచ్చ ఒకటే మళ్లీ మళ్లీ పడుతుంటే స్కేలు పెట్టి దూరం కొలవండి, హెచ్‌పీ 12ఏ కార్ట్రిడ్జ్ వాడే మిషన్లలో సుమారు 75 మిల్లీమీటర్లకి ఒకటి పడితే కార్ట్రిడ్జ్ లోపలి డ్రమ్ము మీద దెబ్బ, కార్ట్రిడ్జ్ మారిస్తే పోతుంది.

ఇక ఇంక్ ప్యాడ్. ప్రింటర్ తన హెడ్డు, అంటే ఇంకు చిమ్మే భాగం, క్లీన్ చేసుకున్నప్పుడల్లా కొంత ఇంకు పారబోస్తుంది, ఆ ఇంకు పీల్చుకోవడానికి అడుగున దూదిలాంటి ప్యాడ్ ఉంటుంది. ప్యాడ్ ఎంత నిండిందో తడిమి చూసే పరికరమేం లేదు లోపల, ఎంత పారబోసిందో లెక్కేసుకునే కౌంటర్ ఉంటుంది అంతే. లెక్క నిండబోతుంటే ఇప్పుడు మీకొచ్చిన మెసేజ్, నిండాక ఇంక కదలదు, లైట్లు కొట్టుకుంటూ ఆగిపోతుంది. మీ ఫ్రెండు పంపిన సాఫ్ట్‌వేర్ చేసేది ఆ లెక్కని సున్నా చెయ్యడం. ప్యాడ్ మాత్రం తడిగానే ఉంటుంది.

పదేళ్ల కిందట నేను ఆ తప్పు చేశాను, చెప్తాను వినండి. కాలేజీ అడ్మిషన్ల టైము, ఓ షాపాయన ఇవాళ నడిస్తే చాలన్నాడు, ఇంక్ ట్యాంక్ ప్రింటర్ ఒకటి, ప్యాడ్ మార్చకుండా కౌంటర్ ఒక్కటి రీసెట్ చేసి ఇచ్చేశాను. రెండు నెలలు నడిచింది. ఓ రోజు పొద్దున్న ఆయన షాపు తెరిచేసరికి ప్రింటర్ అడుగు నుంచి నల్లటి ఇంకు సన్నగా కారి, బల్ల అంచు దాకా పాకి, కింద సొరుగులోకి దిగింది. సొరుగులో జిరాక్స్ కోసం ఎవరో ఇచ్చి వెళ్లిన ఒరిజినల్ పొలం దస్తావేజు, మూల నుంచి అరచేయంత మేర నల్లబడిపోయింది. ఆ రైతు దాన్ని చేత్తో పట్టుకుని తుడవాలా వద్దా అని నిలబడి ఉండటం నేను చూశాను. నకలు తీయించుకోవడానికి రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ నేనూ తిరిగాను ఆయనతో. అప్పట్నుంచి ప్యాడ్ మార్చకుండా కౌంటర్ ముట్టుకోలేదండి, ఎవరడిగినా ముట్టుకోను.

పైగా ఆ దొంగ కాపీల్లో వైరస్‌లు ఎక్కువ, యాంటీవైరస్ ఆపమన్నప్పుడే అనుమానించాలి. వేరే మోడల్‌ది రన్ చేస్తే ప్రింటర్ లోపలి మెమరీలో సెట్టింగ్స్ తారుమారై మిషను మూలన పడొచ్చు. మీకు ఇంకా దగ్గరపడింది అనే వచ్చింది, ఆగిపోలేదు, కాబట్టి టైముంది, సర్వీస్ సెంటర్‌కో తెలిసిన మెకానిక్‌కో ఇచ్చి ప్యాడ్ మార్పించి, అప్పుడే కౌంటర్ సున్నా చేయించుకోండి. పాత ప్యాడ్ మీ చేతికి ఇమ్మని అడగండి, మార్చాడో లేదో అదే సాక్ష్యం.

అంత తొందరగా ఎందుకు నిండిందో కూడా చూసుకోండి. రోజూ రాత్రి షాపు మూసేటప్పుడు గోడ స్విచ్ కట్టేసి వెళ్లిపోతున్నారా? ప్రింటర్ మీద పవర్ బటన్ నొక్కి లైటు ఆరేదాకా ఆగితే హెడ్డు కుడి పక్కకి వెళ్లి రబ్బరు టోపీ కింద కూర్చుంటుంది, ఆరిపోకుండా. గోడ దగ్గర కట్టేస్తే హెడ్డు ఎక్కడుంటే అక్కడే ఆరుబయట ఉండిపోయి ఇంకు గడ్డకట్టుకుంటుంది, పొద్దున్న గీతలు వస్తాయి, మీరు క్లీనింగ్ కొడతారు, ఇంకు ప్యాడ్‌లోకి పోతుంది. ప్రింట్ మధ్యలో కరెంటు పోతే, వచ్చాక ఓసారి ఆన్ చేసి, బటన్‌తోనే సరిగ్గా ఆపండి. గీతలొచ్చాయి కదా అని క్లీనింగ్ మీద క్లీనింగ్ కొట్టకండి, ముందు నాజిల్ చెక్ కాగితం, అంటే హెడ్డులో ఇంకు రంధ్రాలన్నీ పనిచేస్తున్నాయో లేదో చూపించే గళ్ల కాగితం, తియ్యండి. ప్రింటర్ ఆపి స్టాప్ బటన్ నొక్కి పట్టుకుని ఆన్ చేస్తే వస్తుంది. గళ్లలో గీతలు తెగి ఉంటేనే క్లీనింగ్, ఒకసారి క్లీనింగ్ ఒకసారి చెక్, అలా మూడుసార్లకి మించి వద్దు. అప్పటికీ తగ్గకపోతే కనీసం 12 గంటలు ముట్టుకోకుండా వదిలెయ్యండి, చాలా మటుకు తెల్లారేసరికి ఇంకు దిగి సర్దుకుంటుంది. పవర్ క్లీనింగ్ అన్నది ఆఖరుది, అది చాలా ఇంకు తాగుతుంది, ట్యాంకులన్నీ మూడో వంతు పైన ఉంటేనే చెయ్యాలి.

రేపు పొద్దున్న కొత్త కాగితంతో ఒక కాపీ, ఒక నాజిల్ చెక్, ఒక నెట్‌వర్క్ రిపోర్టు తీసి మూడిటికీ ఫొటో పెట్టండి, చూసి చెప్తాను. ఈలోపు ప్రింటర్ కింద రెండు పాత పేపర్లు పరిచి, బల్ల సొరుగులో జనం ఒరిజినల్స్ ఏమన్నా ఉంటే తీసి వేరే చోట పెట్టండి.